కాదంటే కాదని కాగితం మీద రాసివ్వండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల హోం శాఖల ముఖ్య కార్యదర్శులకు, పోలీసు డైరెక్టర్ జనరళ్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు నమస్కారాలు.

ఉమ్మడి రాష్ట్రంలో ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ బడుల్లో సాంఘికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. ఒకే లేఖను రెండు రాష్ట్రాలకూ ఎందుకు రాస్తున్నానంటే, ఆస్తులూ అప్పులూ నీళ్లూ పంచుకోవడంలో పదేళ్లు దాటినా పేచీ తెగని ఈ రెండు ప్రభుత్వాలూ ఒక్క అలవాటును మాత్రం ఏ తగవూ లేకుండా చెరొక పూర్తి వాటాగా పట్టుకుపోయాయి. శాంతియుతంగా నలుగురు కూడి తమ గోడు చెప్పుకుంటామంటే ‘పర్మిషన్ లేదు’ అని నోటిమాటగా చెప్పి పంపేయడమే ఆ అలవాటు.

కొంతకాలం కిందట మా విశ్రాంత ఉద్యోగుల సంఘం, ఏళ్ల తరబడి ఆగిపోయిన బకాయి బిల్లుల కోసం ఒక కార్యాలయం ఎదుట ఉదయం పది నుంచి పన్నెండు దాకా కూర్చోవాలనుకుంది. మేం ఎనభై మందిమి. సగం మందికి మోకాళ్ల నొప్పులు, కనుక రాస్తారోకో చేసే ఓపిక ఎటూ లేదు. తొమ్మిది రోజుల ముందు దరఖాస్తు ఇచ్చాం. మైకు ఒక్కటేననీ, టెంటు రోడ్డు అంచు దాటదనీ, వాహనాలకు అడ్డం రామనీ అందులోనే రాశాం. ఎనిమిది రోజులు జవాబు లేదు. ముందురోజు రాత్రి ఫోన్ వచ్చింది: ‘సెక్షన్ 30 అమల్లో ఉందండి, పర్మిషన్ లేదు.’ ఆ మాటే కాగితం మీద ఇమ్మంటే అలా ఇవ్వడం ఉండదన్నారు. తెల్లవారి ఐదున్నరకు తలుపు తీసేసరికి మా అరుగు మీద ఒక కుర్ర కానిస్టేబుల్ కూర్చుని ఉన్నాడు. ‘ఇవాళ మిమ్మల్ని బయటికి పోనీయొద్దన్నారు సార్, పైనుంచి చెప్పారు’ అన్నాడు. ఉత్తర్వు ఏదీ అంటే ఎవరికో ఫోన్ చేసి కనుక్కుని, ‘కాగితం లేదు సార్, మాటే’ అన్నాడు. ఉప్మా పెడితే తిన్నాడు, ఫోను ఛార్జింగ్‌లో పెట్టుకున్నాడు, మధ్యాహ్నం ఒంటిగంటకు నన్ను వరండాలో నిలబెట్టి ఒక ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు. ఆ ఊరి పేరూ స్టేషన్ పేరూ ఇక్కడ రాయను, ఎందుకంటే ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. ఆ ఏడున్నర గంటలు నేను ఎవరి అధికారంతో నా ఇంట్లోనే ఆగిపోయానో చెప్పడానికి ప్రభుత్వం దగ్గర ఉన్న ఏకైక రికార్డు బహుశా ఆ ఫొటోయే.

పత్రికల్లో దీన్ని ‘గృహ నిర్బంధం’ అంటారు, నాయకులు గర్వంగానే ‘హౌస్ అరెస్ట్ అయ్యాను’ అంటారు, ఆ మాట చెవికి బాగా అలవాటైపోయి అది చట్టంలో ఎక్కడో ఉండే ఉంటుందని అందరం అనుకుంటున్నాం. కోర్టు ఆదేశం లేకుండా పోలీసులు తమంతట తాము ఒక మనిషిని ఇంట్లో కూర్చోబెట్టే అధికారం నాకు తెలిసి ఏ చట్టంలోనూ లేదు. ఉన్నది ముందస్తు అరెస్టు. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో అది 151వ సెక్షన్. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 170వ సెక్షన్. కాగ్నిజబుల్ నేరం, అంటే వారంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరం, చేయాలన్న పన్నాగం తన దృష్టికి వచ్చి, మరో విధంగా దాన్ని ఆపలేనని తోచినప్పుడు మాత్రమే పోలీసు అధికారి ఆ అరెస్టు చేయాలి, 24 గంటలు దాటి ఉంచకూడదు. అరెస్టు అన్న తరువాత దానికో డైరీ, ఒక సంతకం, బంధువులకు సమాచారం, జవాబు చెప్పవలసిన ఒక అధికారి ఉంటారు. అరుగు మీద కానిస్టేబుల్‌ను కూర్చోబెట్టడంలో ఇవేవీ ఉండవు. అరెస్టు కంటే ఇది మర్యాదగా కనిపిస్తుంది, కానీ పౌరుడికి అరెస్టు కంటే ఎక్కువ నష్టం, ఎందుకంటే జరగనే లేదన్న దాని మీద ఎవరూ ఫిర్యాదు చేయలేరు.

ఇక ఆ సెక్షన్ 30 సంగతి. ‘జిల్లాలో ఈ నెల 1 నుంచి 30 వరకు పోలీసు యాక్టు సెక్షన్ 30, 30(ఏ) అమలులో ఉంటుంది’ అన్న ప్రకటన జిల్లా పేజీల్లో ఎంత క్రమం తప్పకుండా వస్తుందంటే, ఆ నెల ముగిసిన తరువాత మళ్లీ వస్తుంది, ఆ పై నెల కూడా వస్తుంది. 1861 నాటి చట్టం అది, 1857 తిరుగుబాటు జరిగిన నాలుగేళ్లకు వచ్చింది. అంతటి అనుమానంతో పుట్టిన చట్టం కూడా 30వ సెక్షన్‌లో సభలను నిషేధించవచ్చని రాయలేదు. ఊరేగింపు ఏ దారిన వెళ్లాలో, ఏ వేళల్లో సాగాలో పోలీసులు నిర్దేశించవచ్చంది; అదుపు లేకపోతే శాంతికి భంగం కలుగుతుందని మేజిస్ట్రేటుకు తోచిన సభలకు లైసెన్సు అడగమనవచ్చంది; షరతులు పెట్టవచ్చంది. ఉల్లంఘిస్తే 32వ సెక్షన్ కింద పడే జరిమానా 200 రూపాయలకు మించదు. తెల్లదొర తన ప్రజలను నమ్మక రాసుకున్న చట్టంలోని నియంత్రణాధికారాన్ని, ఓటు వేయించుకుని వచ్చిన ప్రభుత్వాలు నిషేధాధికారంగా చదువుకుంటున్నాయి. ఇంగితం ఉన్న ఏ పిల్లవాడినైనా ఆ 30వ సెక్షన్ చదివి ‘నిషేధించవచ్చు’ అన్న మాట చూపించమనండి.

చట్టాన్ని ఇలా చదువుకోవడం తప్పని చెప్పింది నేను కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 జనవరి 2న జీవో నంబర్ 1 ఇచ్చింది. 2022 డిసెంబరు 28న కందుకూరులో ఒక రాజకీయ సభలో జరిగిన తొక్కిసలాటలో ఎనిమిది మంది, జనవరి 1న గుంటూరులో మరో తొక్కిసలాటలో ముగ్గురు మహిళలు చనిపోయారు. అవి ఎవరినైనా కలచివేసే చావులే, ప్రభుత్వం కదలవలసిందే. కాని గుంటూరులో జనం కూడింది రోడ్డు మీద నిరసనకు కాదు, మైదానంలో కానుకల పంపిణీకి. అక్కడ కావలసింది ఎంతమంది వస్తారో ముందుగా లెక్క కట్టడం, రాకపోకలకు వేరు దారులు ఉంచడం, నిర్వాహకుల మీద బాధ్యత పెట్టడం. జీవో ఆ పని వదిలేసి, జాతీయ రహదారుల నుంచి పంచాయతీ రోడ్ల దాకా రోడ్డు అన్నదాని మీద సభకు, అరుదైన సందర్భాల్లో తప్ప, వీల్లేకుండా చేసింది. దానికి ఆధారంగా చూపింది మళ్లీ ఆ సెక్షన్ 30నే. వారం పది రోజులకే హైకోర్టు దాని అమలును నిలిపివేసింది, 2023 మే 12న కొట్టివేసింది. ఆ జీవో పోయింది కాని దాని వెనుక ఉన్న ఆలోచన నెలనెలా వచ్చే ప్రకటనల్లో భద్రంగా ఉంది. అప్పుడు ఆ జీవోను ‘చీకటి జీవో’ అని తిట్టినవారే 2024 నుంచి అధికారంలో ఉన్నారు కనుక, ఆ తీర్పును జిల్లా ఎస్పీలందరికీ తెలుగులో పంపి చదివించమని వారిని అడగడం అత్యాశ కాదనుకుంటాను.

తెలంగాణ అధికారులు ఇది పక్క రాష్ట్రం సంగతి అనుకోకూడదు. హైదరాబాదులో ఇందిరా పార్కు పక్కన ధర్నా చౌక్ ఉంది. రాష్ట్రం రాకముందు ఎన్ని సంఘాలు, ఎన్ని కులవృత్తుల వారు, ఎంతమంది అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లు ఆ చెట్ల కింద జంపఖానా పరుచుకుని కూర్చున్నారో లెక్కలేదు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమానికి అది ఒక ముంగిలి. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ అన్నప్పుడు ఎక్కడికక్కడ అరెస్టులు చేసి, రైళ్లూ బస్సులూ కట్టడి చేసి ఆనాటి ప్రభుత్వం అడ్డుకుంది. అయినా ట్యాంక్‌బండ్ మీదికి జనం చేరారు. ఆ ఉద్యమం నుంచి వచ్చిన ప్రభుత్వమే 2017లో ధర్నా చౌక్‌ను ఎత్తివేసి, ధర్నాలు చేసుకోవాలంటే నగరం వెలుపలికి వెళ్లమంది. ఆ ఏడాది మే 15న ‘ఆక్యుపై ధర్నా చౌక్’ పిలుపు ఇస్తే, అక్కడ ధర్నాలు వద్దంటున్న స్థానికులు ఒకవైపు, సంఘాలవారు మరోవైపు నిలబడి ఘర్షణ జరిగింది; మఫ్టీలో ఉన్న పోలీసులు స్థానికుల్లాగా ప్లకార్డులు పట్టుకున్నారని ఫొటోలతో సహా పత్రికల్లో వచ్చింది. హైకోర్టు 2018లో జోక్యం చేసుకున్నాక గాని అక్కడ మళ్లీ టెంటు పడలేదు. తరువాతి ముచ్చట మీకూ గుర్తుండే ఉంటుంది. 2021 నవంబరు 18న, వడ్ల కొనుగోలు మీద కేంద్రాన్ని నిలదీయడానికి, చౌక్‌ను ఎత్తేసిన ముఖ్యమంత్రే మంత్రులతో, శాసనసభ్యులతో వచ్చి అదే చౌక్‌లో మహాధర్నాకు కూర్చున్నారు. నగరం వెలుపలి స్థలాలు ఆ రోజు ఆయనకెందుకో అనుకూలంగా తోచలేదు.

ప్రభుత్వం మారింది. 2023 డిసెంబరు 7న ప్రగతి భవన్ ముందున్న ఇనుప కంచెలను తొలగించారు, సంతోషించాం. ఏడాది తిరగకుండానే, 2024 అక్టోబరులో, స్పెషల్ పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ల భార్యలు రోడ్డెక్కారు. నెలల తరబడి తమ భర్తలు ఇంటికి రాలేని డ్యూటీ పద్ధతిని మార్చమనీ, అన్ని విభాగాల పోలీసులకూ ఒకే పద్ధతి ఉండే ‘ఏక్ పోలీస్’ విధానం కావాలనీ వారు అడిగారు. పోలీసు బలగాలకు సంఘం పెట్టుకునే హక్కును 1966 చట్టం పరిమితం చేసింది కనుక, భర్తలు నోరెత్తలేని చోట ఇల్లాళ్లు బిడ్డలను చంకనెత్తుకుని వచ్చారు. కొందరు కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు, కొందరిని ఉద్యోగం నుంచే తీసేశారు. ఆ రోజుల్లోనే హైదరాబాదు నగరంలో అయిదుగురు గాని అంతకు మించి గాని గుమిగూడరాదంటూ సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద నెల రోజుల ఉత్తర్వు వచ్చింది. ధర్నా చౌక్‌లో మాత్రం శాంతియుత నిరసనకు మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు చూసి, ఆ చౌక్ కోసం కోర్టుకు వెళ్లినవారికి మనసులో దండం పెట్టుకున్నాను. మా అరుగు మీద కూర్చున్న కుర్రవాడు కూడా మళ్లీ మళ్లీ గుర్తొచ్చాడు.

ఒకప్పుడు 144 అన్నదే ఇప్పటి 163. ఈ సెక్షన్ గురించి ఒక మంచి మాట చెప్పాలి: దీనికి కాగితం తప్పనిసరి. విషయమేమిటో రాసి, రాతపూర్వక ఉత్తర్వుగా ఇవ్వాలని చట్టమే చెబుతోంది; రెండు నెలలకు మించి అది నిలవదు, రాష్ట్ర ప్రభుత్వం పొడిగించినా మరో ఆరు నెలలే. కాగితం ఉంది కనుకనే దాని మీద వాదన సాధ్యమైంది. కశ్మీరులో ఆంక్షల మీద వచ్చిన అనూరాధా భసీన్ కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు, న్యాయమైన అభిప్రాయ ప్రకటనను అణచడానికి ఈ సెక్షన్‌ను వాడరాదనీ, మళ్లీ మళ్లీ అవే ఉత్తర్వులు జారీ చేయడం అధికార దుర్వినియోగమేననీ చెప్పగలిగింది. వందేళ్ల కిందట చీరాల పేరాల ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య బరంపురంలో మాట్లాడరాదన్న 144 ఉత్తర్వును ధిక్కరించి ఏడాది జైలుకు వెళ్లారు. పరాయి పాలకుడు కూడా ఆయనకు ఉత్తర్వు ఇచ్చి ఆపాడు గాని, రాత్రి ఎనిమిదింటికి కబురు పంపి ఆపలేదు.

మీ వైపు ఇబ్బందులు నాకు తెలియనివి కావు. అంబులెన్స్ ఆగిపోతే ఆ పాపం ఎవరిది, పరీక్షకు వెళ్లే పిల్ల నిలిచిపోతే ఎవరు జవాబు చెప్పాలి అని మీరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ఢిల్లీలో రోడ్డు మీద నెలల తరబడి సాగిన నిరసన మీద వచ్చిన షహీన్‌బాగ్ కేసులో 2020 అక్టోబరు 7న సుప్రీంకోర్టు, ప్రజల దారిని నిరవధికంగా ఆక్రమించే హక్కు ఎవరికీ లేదనీ, నిరసనలు నిర్దేశించిన స్థలాల్లోనే జరగాలనీ చెప్పింది. ఆ తీర్పును మీ అధికారులు తరచూ ఉదహరిస్తారు. కాని ఆ మాటకు రెండో సగం ఉంది: నిర్దేశించిన చోటే చేయాలంటే, అలాంటి చోటును నిర్దేశించి ఉంచడం ప్రభుత్వం పని. జంతర్ మంతర్‌లో నిరసనలు వద్దని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అంటే, 2018 జులైలో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని తొలగించి, అక్కడా బోట్ క్లబ్ దగ్గరా నిరసనలకు మార్గదర్శకాలు రూపొందించమని ఢిల్లీ పోలీసులను ఆదేశించింది. దేశ రాజధానిలో పార్లమెంటుకు కూతవేటు దూరంలో చేయగలిగిన ఏర్పాటు ఒంగోలులోనూ ఖమ్మంలోనూ ఎందుకు చేయలేమో నాకు అర్థం కాదు. ఇంకా వెనక్కి వెళితే, 1972లోనే హిమత్‌లాల్ షా కేసులో రాజ్యాంగ ధర్మాసనం, ప్రభుత్వం సభలను క్రమబద్ధం చేయవచ్చు గాని వీధుల్లో సభలన్నిటినీ మూసివేయలేదని తేల్చింది. ఆ కేసులో కొట్టివేసిన నిబంధనలోని లోపం ఏమిటంటే, అనుమతి ఎప్పుడు ఇవ్వాలో ఎప్పుడు కాదనాలో ఏ కొలతా లేకుండా అధికారి ఇష్టానికి వదిలేయడం. మా ఊళ్లో ఫోన్ చేసిన అధికారి దగ్గర ఉన్నది సరిగ్గా ఆ రకం అధికారమే.

‘ధర్నాలెందుకు, సోమవారం అర్జీ ఇవ్వండి’ అని మరో మాట వింటుంటాం. మేం ఇచ్చాం. ప్రజావాణి అన్నా, పరిష్కార వేదిక అన్నా, వరుసలో నిలబడితే ఒక నంబరు ఇస్తారు, కొన్నాళ్లకు ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని ఫోనుకు సందేశం వస్తుంది. మా బిల్లు అలా పరిష్కారమైనట్టు మూడుసార్లు సందేశం వచ్చింది, డబ్బు రాలేదు. అర్జీ ఒంటరి మనిషిది. ఎనభై మంది ఒకచోట కూర్చుంటే అది అందరి బాధ అని దారిన పోయేవారికీ తెలుస్తుంది, లోపల ఉన్న అధికారికీ తెలుస్తుంది. తెలంగాణలో కొత్త జిల్లాలకు కట్టిన సమీకృత కలెక్టరేట్లు చాలా చోట్ల ఊరి చివరికి పోయాయి. పెద్ద గేటు, లోపల పచ్చిక, బయట రహదారి. కూర్చోవడానికి రోడ్డు తప్ప వేరే చోటు లేదు, రోడ్డు మీద కూర్చుంటే ట్రాఫిక్ కేసు. కట్టేటప్పుడే గేటు ఎదుట అర ఎకరం నీడ ఉన్న జాగా విడిచి ఉంటే ఇంత తగవు ఉండేది కాదు.

అన్నిటికీ కోర్టులున్నాయి కదా అనే ధీమా కూడా సరికాదు. మూడు రాజధానుల ప్రకటన తరువాత అమరావతి రైతులు 2021 నవంబరులో తిరుపతికి పాదయాత్ర బయలుదేరాలంటే హైకోర్టుకు వెళ్లవలసి వచ్చింది. 157 మందితో నడవమని అనుమతి తెచ్చుకున్నారు. 2022లో అరసవల్లికి మళ్లీ బయలుదేరినప్పుడు 600 మందికి అనుమతి వచ్చింది. రామచంద్రపురం దగ్గర గుర్తింపు కార్డుల తనిఖీ పేరుతో ఆ యాత్ర ఆగిపోయింది. కాలినడకన గుడికి వెళ్లడానికి హైకోర్టు ఉత్తర్వు చంకలో పెట్టుకుని నడవాలా? రాజధాని రైతులు కాబట్టి వకీలును పెట్టుకోగలిగారు. మధ్యాహ్న భోజనం వండే మహిళలు, చేతివృత్తులవారు, మాలాంటి పింఛనుదారులు రాత్రి ఎనిమిదింటికి ‘లేదు’ అన్న ఫోన్ వస్తే తెల్లవారేలోగా హైకోర్టు మెట్లు ఎలా ఎక్కగలరు? ఎక్కగలిగినా అక్కడ చూపించడానికి ఏ ఉత్తర్వూ ఉండదు. తిరస్కరించినట్టు రుజువే లేని తిరస్కరణను సవాలు చేయలేం. జవాబు చివరి రాత్రికి ఆపడం, ఆపి నోటిమాటగా చెప్పడం ఏ అధికారి సొంత తెలివి అయినా సరే, దాని ఫలితం మాత్రం ప్రతిసారీ ఇదే.

పైగా అడ్డుకోవడం వల్ల శాంతిభద్రతలు నిలుస్తాయన్న నమ్మకానికి మీ అనుభవమే ఎదురు సాక్ష్యం. 2022 ఫిబ్రవరి 3న వేతన సవరణ (పీఆర్‌సీ) మీద ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులు ‘చలో విజయవాడ’ అన్నప్పుడు అనుమతి లేదన్నారు, జిల్లాల్లో ఇళ్ల దగ్గర, బస్టాండ్లలో, టోల్‌గేట్ల దగ్గర ఆపారు. మారువేషాలు వేసుకుని మరీ వేలమంది చేరి, శాంతియుతంగా సభ చేసుకుని తిరిగి వెళ్లారు. చట్టబద్ధంగా వచ్చి చట్టబద్ధంగా వెళ్లగలిగిన ఉపాధ్యాయులను ఒక రోజంతా దొంగల్లా దాక్కుని ప్రయాణించేలా చేసి ఏం సాధించారో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు, కొత్త చట్టం అక్కర్లేదు, మీ ఇద్దరి సంతకాలతో ఒక్కో సర్క్యులర్ చాలు. నిరసనకు వచ్చిన ప్రతి దరఖాస్తుకూ అందినట్టు రసీదు ఇవ్వాలి. కాదనదలిస్తే, అనుకున్న తేదీకి కనీసం మూడు రోజుల ముందు, ఏ సెక్షన్ కింద, ఏ కారణంతో కాదంటున్నారో రాసి, అధికారి పేరుతో, హోదాతో ఇవ్వాలి. ఆ చోటు కుదరకపోతే అదే ఊళ్లో, ఎవరిని అడగదలచామో ఆ కార్యాలయం కనిపించే దూరంలో మరో చోటు చూపాలి. మూడు రోజుల ముందు వరకు జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. సెక్షన్ 30 ప్రకటన ఇచ్చినప్పుడు ఏ ప్రాంతానికి, ఎన్ని రోజులకు, ఏ భయంతో ఇస్తున్నారో అందులోనే రాయాలి, జిల్లా మొత్తానికి నెలవారీ అలవాటుగా ఇవ్వకూడదు. కాగితం లేకుండా ఏ ఇంటి ముందూ కానిస్టేబుల్‌ను కూర్చోబెట్టకూడదు. ఆపవలసినంత ప్రమాదం నిజంగా ఉంటే 170 కింద అరెస్టు చేసి డైరీలో రాయండి, మేం స్టేషన్‌కు వస్తాం.

మా సంఘం వచ్చే నెల రెండో మంగళవారం అదే కార్యాలయం ఎదుట, అదే రెండు గంటలు, మళ్లీ కూర్చోవాలని తీర్మానించుకుంది. దరఖాస్తు ఈసారి పదిహేను రోజుల ముందే ఇస్తున్నాం, నకలును స్పీడ్ పోస్టులో మీ కార్యాలయాలకు పంపుతున్నాం. జవాబు ‘లేదు’ అయినా సరే, సంతకంతో పంపండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు